బాబాయ్ ఎక్కని టవర్

మా ఎలరీ బాబాయ్ ముప్ఫయ్యేళ్లకి పైగా పాల లారీ నడిపాడు. జనవరిలో మా కొండరోడ్లు గడ్డకట్టి గాజుపలకలా ఉన్నప్పుడు, వెనక ట్యాంకులో పాలు తూగుతూ లారీని లోయవైపు నెడుతుంటే, ఒక చేతిలో స్టీరింగు, ఇంకో చేతిలో డోనట్టు పట్టుకుని దిగేవాడు. ఒకసారి ఫిస్క్ వాళ్ల ఎద్దు కంచె దూకి మీదికొస్తే, దాన్ని పేరు పెట్టి పిలిచి, నాలుగు చీవాట్లు పెట్టి, పాకలోకి తోలి వచ్చాడు. అంతటి మనిషికీ నిచ్చెన చూస్తే చాలు, నోరు ఎండిపోయేది.

ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న మా వెర్మాంట్‌లో మనిషి గురించి తెలిసిన విషయాన్ని ఆ మనిషి ముందు అనడం మర్యాద కాదు. చలికాలం ఇంటి కప్పు మీద మంచు పేరుకుంటే పార తీసుకుని ఎక్కేది డోరీన్ పిన్ని. బాబాయ్ కింద నిచ్చెన పట్టుకునేవాడు. "నిచ్చెన పట్టుకోవడంలో మా ఆయన తర్వాతే ఎవరైనా" అని పిన్ని చర్చి విందుల్లో అనేది. అలా అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఒక్క గీత కూడా కదిలేది కాదు. వినేవాళ్లు తమ ప్లేట్లలోకి తలలు వంచుకునేవాళ్లు.

లారీ మానేశాక ఆయనకి ఊరి పక్క టాటిల్ కొండ పార్కులో వేసవి ఉద్యోగం దొరికింది. గేటు దగ్గర చెక్కగదిలో కూర్చోవడం, కట్టెల మోపులు అమ్మడం, గుడారాలవాళ్ల పొయ్యిల్లో బూడిద ఎత్తడం, కాలిబాట మీద చెట్టు పడితే కోసి పక్కకి లాగడం. చిన్న పార్కు. ఒక చెరువు, కాసిన్ని గుడారాల చోట్లు, కొండ మీదికి ఒక బాట. ఆ బాట చివర, పాతరోజుల్లో అడవిలో పొగ ఎక్కడ లేస్తోందో కనిపెట్టడానికి కట్టిన ఉక్కు టవర్. సన్నటి చెక్కమెట్లు, మలుపు మలుపుకీ ఒక చిన్న అరుగు, కొసన అద్దాల గది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలోంచి కింద బండలు కనిపిస్తాయి.

వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే: పైనుంచి ఏం కనిపిస్తుంది? బాబాయ్ చెక్కగదిలోంచి మెడ బయటికి పెట్టి చెప్పేవాడు. ఉత్తరాన కెనడా పొలాలు గళ్ల దుప్పటిలా పరుచుకుని ఉంటాయి, తూర్పున పక్క రాష్ట్రం కొండలు వరసకట్టి ఉంటాయి, ఆగ్నేయంలో తెల్లటి చర్చి శిఖరం, దాని పక్కన ఎర్రటి పాక. వినేవాళ్లకి ఎక్కకముందే ఎక్కినట్టుండేది. కొందరు దిగొచ్చి, "ఎర్ర పాక కనబడలేదండీ" అనేవాళ్లు. "మబ్బు అడ్డొచ్చుంటుంది" అనేవాడు బాబాయ్. ఆ పాక కూలిపోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పేదంతా మా బ్యూలా అత్త చెప్పగా విన్నది. అత్త పడుచుదనంలో కొన్ని వేసవులు ఆ టవర్ మీద కూర్చుని పొగ కాపలా కాసింది. అప్పటి పాకే ఇప్పటికీ బాబాయ్ నోట్లో నిలబడి ఉంది.

బ్యూలా అత్త మా నాన్నకీ ఎలరీ బాబాయ్‌కీ అక్క. భర్త పోయాక ఆవుల్ని అమ్మేసి, ఊరి కింది భాగంలో ఒంటరిగా ఉంటోంది. ఎవరి సాయమూ అడగదు. ఎవరైనా చేయి అందిస్తే ఆ చేతిని ముందు తేరిపార చూస్తుంది. వయసు మళ్లినవాళ్లకి టౌన్ ఆఫీసులో ఇచ్చే పాస్ ఒకటుంది. అది చూపిస్తే రాష్ట్రంలో ఏ పార్కులోకైనా ఊరికే వెళ్లొచ్చు. "ఇన్నేళ్లు పన్నులు కట్టాను, ఒక్కసారి నాకు తిరిగిచ్చారు" అని అత్త ఒక్క పార్కూ వదలదల్చుకోలేదు. ఆవిడకి కారు తోలడం ఇష్టం లేదు, బాబాయ్‌కి ఇష్టం. కాబట్టి ఆయనకి సెలవున్నప్పుడల్లా ఇద్దరూ బయల్దేరేవాళ్లు.

ఆ తిరుగుళ్లలో బాబాయ్ చెప్పిన సాకులన్నీ పోగేస్తే ఒక గంప నిండుతుంది. లోతైన గండి మీద వంతెన ఉన్నచోట కారు తాళం సరిగా పడలేదని వెనక్కి పోయేవాడు. మా ఊళ్లో ఇంటికే తాళం వెయ్యరు. కొండ కొమ్మున చూడదగ్గ చోటు ఉంటే బల్ల దగ్గర శాండ్‌విచ్‌లకి ఉడతల నుంచి కాపలా కాసేవాడు. జలపాతం పైన రాయి మీద నిలబడి అత్త పిలిస్తే బూటు తాడు కట్టుకుంటూ ఉండిపోయేవాడు. అత్త నీళ్లు చూసి వచ్చి బాగుందనో, వర్ణించినంత లేదనో తీర్పిచ్చి కారెక్కేది. తాడు కట్టుకోవడానికి ఇంతసేపా అని ఒక్కసారీ అడగలేదు.

చివరికి చూడనిదంటూ ఒక్కటే మిగిలింది. సొంత ఊరి కొండ.

ఆ రోజు జరిగినదాంట్లో కొంత నేను కళ్లారా చూశాను. మిగతాది అత్త చెప్పింది. బాబాయ్ కూడా చెప్పాడు గానీ ఆయన చెప్పినదాంట్లో గాలి మరీ ఎక్కువ, భయం మరీ తక్కువ. కాబట్టి అత్త మాటే తీసుకుంటున్నాను.

సెప్టెంబరులో బడులు తెరిచిన కొత్త. చిత్తడిలో ఉన్న మేపుల్ చెట్లకి అక్కడక్కడా ఎర్రకొమ్మ కనిపిస్తోంది. పార్కులో ఒకటి రెండు గుడారాలే మిగిలాయి. మధ్యాహ్నం భోజనాల వేళకి అత్త చేతికర్రతో గేటు దగ్గరికొచ్చి, చెక్కగది కిటికీలోంచి పాస్ చాపింది.

"ఇదెందుకే అక్కా, నువ్వు తెలియనిదానివా" అన్నాడు బాబాయ్.

"చూడు. చూడ్డానికే కదా నిన్ను కూర్చోబెట్టింది."

ఆయన చూశాడు. "పైకా? సాయంత్రానికి వాన పడేలా ఉంది. పడమట మబ్బు చూశావా?"

"నేను ఆ కొండ మీద మబ్బులు చూసేనాటికి నువ్వు నిక్కర్లు వేసుకునేవాడివి. నువ్వూ వస్తావా?"

"గేటు ఎవరు చూస్తారు?"

"అవును. జనం తోసుకుంటున్నారు" అంది అత్త, ఖాళీ రోడ్డు వైపు చూస్తూ. వెళ్లిపోయింది.

కొండ ఎక్కి దిగడానికి ఎంత పడుతుందో బాబాయ్‌కి తెలుసు. ముసలి కాళ్లకి ఇంకాస్త కలుపుకున్నాడు. ఆ ఇంకాస్త కూడా అయిపోయింది. పడమటి మబ్బు అడుగున నల్లబడింది, చెరువు మీద గాలి ముడతలు లేచాయి. అప్పుడాయన గేటు వదిలి బాట పట్టాడు. బాట ఆయనకి కొత్త కాదు, పడిన చెట్లు కోయడానికి వారానికోసారైనా వెళ్తాడు. టవర్ కాళ్ల దాకా వెళ్లి, వాటికేసి చూడకుండా వెనక్కి తిరుగుతాడు. ఆ రోజు మాత్రం దారంతా టవర్ కాళ్ల దగ్గర అత్త నిలబడి ఉంటే చాలని అనుకుంటూ ఎక్కాడు.

కాళ్ల దగ్గర చేతికర్ర మాత్రమే ఉంది.

"ఎలరీ? నువ్వేనా?" గొంతు ఆకాశంలోంచి వచ్చింది.

ఆయన తలెత్తాడు. ఎత్తుతూనే టవర్ కాలు పట్టుకున్నాడు. అద్దాల గదికి ఒక మలుపు కింద, అరుగు అంచున అత్త బూటు ఒకటి గాల్లో ఉంది.

"నేనే. దిగు, వానొస్తోంది."

"దిగగలిగితే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నాననుకున్నావు, అల్లికా? మోకాలు పట్టేసింది. మడవనివ్వదు, చాపనివ్వదు."

"ఫోనుందా నీ దగ్గర?"

"ఉంది. కింద లేని సిగ్నలంతా ఇక్కడే ఉంది. కెనడాకి స్వాగతం అని మెసేజి కూడా పంపారు."

"మరి రెస్క్యూ వాళ్లకి చెయ్యి."

"నోర్మా పైక్‌కే చేస్తే పోలా? ఎలాగూ ముందు వినేది ఆవిడే."

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాకు ఆపదొస్తే వచ్చేది మేమే. రెస్క్యూ దళమంటే పాకల్లో, బడిలో, దుకాణంలో పని చేసుకుంటూ నడుముకి పేజర్ తగిలించుకున్న మనుషులం. నేనూ అందులో ఉన్నాను. సాయం అడిగితే కంట్రోలు రూములో కూర్చున్నవాళ్లు మాకు రేడియోలో చెబుతారు. ఆ రేడియో మాటలన్నీ వినిపించే స్కానర్ పెట్టె ఊళ్లో ప్రతి వంటింట్లోనూ, అందరికంటే ముందు ఊరి కబుర్లు మోసే నోర్మా పైక్ వంటింట్లో, బ్రెడ్డు డబ్బా పక్కన, పొద్దున్నించి రాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. మా బండి గేటు దాటేలోగా ఎవరికి ఎక్కడ నొప్పో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఈ కారణంగా మా ఊళ్లో గుండెనొప్పి వచ్చినవాళ్లు కూడా ముందు ఒక గ్లాసు సోడా తాగి చూస్తారు.

అత్త ఫోను చెయ్యనంది. బాబాయ్ గట్టిగా ఒత్తిడి చెయ్యలేదు. దళం వచ్చి చూస్తే, తొమ్మిది వేసవులుగా టవర్ మీది వింతలు వర్ణించిన మనిషి టవర్ కాలు పట్టుకుని నిలబడి ఉంటాడు, అక్క పైన ఉంటుంది. ఆ బొమ్మ ఆయనకి కళ్లకి కట్టింది.

దూరంగా ఉరిమింది. ఏదో అటక మీద బీరువా జరిపినట్టు.

"అక్కా, అది ఉక్కు టవరు."

"నాకు తెలీదూ? ఆ రోజుల్లో పిడుగుల వేళ గాజుకాళ్ల స్టూలు ఎక్కి కూర్చునేదాన్ని. కాళ్లకి గాజు ఉంటే కరెంటు పాకదని ఇచ్చారు. పైన గదిలో చూశాను. ఎవడో ఎత్తుకుపోయాడు."

"ఎవడికి కావాలి ఆ స్టూలు?"

"నాకు కావాలి. ఇప్పుడు."

ఇంకోసారి ఉరిమింది. ఈసారి బీరువా దగ్గరికొచ్చింది. బాబాయ్ టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఎలా ఎక్కాడని అడిగితే, పొలాలు లెక్కపెట్టుకుంటూ ఎక్కానన్నాడు. పాల లారీ దారిలో వచ్చే పొలాల పేర్లు, పొద్దున తాను ఆగే వరసలో. ఫిస్క్ వాళ్లది. డూబోయి వాళ్లది. వాగు దాటాక విధవరాలు హేజెన్‌ది. మెట్టుకొక పొలం, ఒక్కో మెట్టు మీద ఆ ఇంటి కుక్క పేరు కూడా తలుచుకునే దాకా ఆగడం. వాటిలో చాలామటుకు ఇప్పుడు లేవు, పాకలు పడిపోయాయి, పొలాల్లో అడవి పెరిగింది. ఆయన వాటినే పట్టుకుని ఎక్కాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు. మూసుకున్నా గాలి తెలుస్తూనే ఉంది. చెట్ల తలల పైకి వచ్చేసరికి అది ఒక్కసారిగా చొక్కాలో దూరి ఉబ్బించింది. ఉక్కు కడ్డీలు సన్నగా ఊళపెట్టాయి. టవర్ అంతా ఒక పక్కకి ఒరిగి, ఆలోచించుకుని, మళ్లీ నిలబడ్డట్టు అనిపించింది. అరచేతులు చెమటకి జారితే మోచేతులతో కమ్మీని కావలించుకున్నాడు. మలుపు దగ్గర తల అరుగుకి ధడాలున కొట్టుకుంది.

"పైన అరుగుంది చూసుకో" అంది అత్త.

"ఇప్పుడు చెబుతావా."

"కళ్లుంటే చెప్పక్కర్లేదు."

ఎలాగో అత్త ఉన్న అరుగు మీదికి పాక్కుంటూ చేరాడు. చేరగానే రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, నుదురు దానికి ఆనించి కూర్చున్నాడు.

"వచ్చావా" అంది అత్త.

"వచ్చాను."

"కళ్లు మూసుకున్నావేంట్రా?"

"దుమ్ము పడింది."

"రెండిట్లోనా?"

ఆయన నుదురు కమ్మీకి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"సరే, పద."

"ఆఁ."

ఎవరూ కదల్లేదు.

"ఎలరీ, పద అంటున్నాను."

"నువ్వు నడు. నీ వెనకే వస్తాను."

"నేను నడవలేననే కదరా నువ్వొచ్చింది." అత్త ఆయన చేతుల వైపు చూసింది. వేళ్ల కణుపులు సుద్దలా తెల్లబడి ఉన్నాయి. ఆవిడ నిట్టూర్చి ఫోను తీసింది. "నువ్వు కిందే ఉండుంటే, ఇరుక్కున్నది నేనొక్కదాన్నే అని చెప్పేదాన్ని" అని గొణుక్కుంది.

నేను అప్పుడు బడి వంటింట్లో తట్టలు కడుగుతున్నాను. నడుము దగ్గర పేజర్ కూసింది. టాటిల్ కొండ టవర్ మీద ఆడమనిషి, డెబ్భై పైబడిన వయసు, మోకాలు పట్టేసింది, దిగలేకపోతోంది. చేతులు తుడుచుకుంటూ పరిగెత్తాను. బండెక్కాక మళ్లీ గొంతు వచ్చింది, కంట్రోలు రూము నుంచి, ఏ ఉద్వేగమూ లేని ఆ గొంతు: "అదనపు సమాచారం. టవర్ మీద రెండో మనిషి కూడా ఉన్నాడు. మగ, అరవై పైబడిన వయసు. గాయాలు లేవు. కళ్లు తెరవడం లేదు." కాసేపాగి, "స్పృహలోనే ఉన్నాడు. తెరవడం లేదంతే."

బండి నడుపుతున్నది మా దళం పెద్ద మెర్ల్ డూబోయి, పాల వ్యాపారం ఇంకా వదలని ఇద్దరు ముగ్గురిలో ఒకడు. రోడ్డు మీంచి చూపు మరల్చకుండా, "ఎండుగడ్డి సగం బయటే ఉంది నాది, తడిసి చస్తుంది" అన్నాడు. మేమంతా గడ్డి గురించి మాట్లాడుకున్నాం.

ఆ మాట రేడియోలో పడడంలో అత్త తప్పేమీ లేదు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. రెండో ఆయన మిమ్మల్ని కిందికి తేగలడా అని అవతలి గొంతు అడిగింది. ఆవిడ తమ్ముణ్ని ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. దళం పైకి రావడానికి గంట పడుతుందని, పిడుగులు దగ్గరపడుతున్నాయని, వీలైతే టవర్ దిగిపొమ్మని ఆ గొంతు చెప్పింది.

"వీలైతేనట" అంది అత్త, ఫోను కోటు జేబులో వేసుకుంటూ.

అప్పుడే ఆవిడ మెడ వెనక వెంట్రుకలు లేచాయి. చలికి కాదు. కమ్మీలోంచి చిన్న చిటపట వినిపించింది, పెనం మీద నీటిచుక్క పడ్డట్టు. అది ఆవిడకి తెలిసిన చప్పుడు. గాజుకాళ్ల స్టూలు మీద కూర్చున్న రోజుల్లో విన్నది. ఆ తర్వాత పిడుగు పడుతుందని కూడా తెలుసు. ఎక్కి వచ్చినప్పటి నుంచీ ఎగతాళి మీద నిలబడిన మనిషికి ఒక్కసారిగా కాళ్ల కిందది లాగేసినట్టయింది. బతికినన్నాళ్లూ అంత భయం ఎరగనని నాతో చెప్పింది. తన గురించి కాదట. వీణ్ని ఇక్కడికి ఎక్కించింది నేనేనని.

"ఎలరీ, ఇప్పుడు దిగాలిరా" అంది. గొంతులో ఎకసెక్కం లేదు. ఆయన ఆ గొంతు చిన్నప్పుడు ఒక్కసారి విన్నాడు, చెరువు మీద మంచు పగిలి తాను నడుము దాకా మునిగినప్పుడు. ఒక కన్ను తెరిచాడు.

అత్త ఆయన వేళ్లు ఒక్కొక్కటే కమ్మీ నుంచి ఊడదీసింది. ఒకటి ఊడదీస్తే ఇంకోటి పట్టుకుంటోంది. చివరికి చేతి మీద చిన్న దెబ్బ వేసింది. తర్వాత తాను ముందుకి జరిగి, మెట్టు మీద చతికిలబడి, పట్టేసిన కాలు కర్రలా ముందుకి చాపుకుని, చంటిపిల్లలు దిగినట్టు పిర్రల మీద ఒక మెట్టు కిందికి జారింది.

"ఇలా దిగొచ్చా?" అన్నాడు బాబాయ్.

"దిగొచ్చు."

"ముందే ఎందుకు దిగలేదు?"

"గుడారాలవాళ్లు ఎవరైనా పైకొచ్చి చూస్తే?"

అదే కారణమైతే బాబాయ్ కూడా దిగేవాడు కాదు.

ఆయన మెట్ల వైపు తిరిగి, వెనక్కి వెనక్కి దిగాలి. కాలు కిందికి దించగానే గాల్లో ఏమీ తగలక మళ్లీ పైకి లాగేసుకునేవాడు. అత్త కింది మెట్టు మీంచి వెనక్కి చెయ్యి చాచి ఆయన చీలమండ పట్టుకుని మెట్టు మీద పెట్టేది. "ఇదీ మెట్టు. నిలబడు. ఇప్పుడు రెండోది." బూటుని చెక్కకేసి గట్టిగా అదిమి ఉంచేది, అది చెక్కేనని ఆయనకి నమ్మకం కుదిరే దాకా. తర్వాత తాను ఒక మెట్టు జారేది. వాన మొదలైంది. మెట్లు నాచుపట్టిన రాళ్లలా జారుతున్నాయి. అవతలి కొండ కొమ్మున మెరుపు దిగింది, వెంటనే దాని చప్పుడు. బాబాయ్ మెట్టుకి అతుక్కుపోయాడు.

"అక్కా, నావల్ల కాదు."

"ఏ పొలం దగ్గరున్నావు?"

ఆయన గొణుక్కుంటున్న పొలాల పేర్లు ఆవిడ వింటూనే ఉంది కాబోలు.

"హేజెన్."

"తర్వాతెవరు?"

"డూబోయి. వెనక్కి వెళ్తున్నాం కదా."

"వాళ్ల కుక్క పేరేమిటి?"

"బిస్కెట్టు."

"పద, బిస్కెట్టు దగ్గరికి" అంది అత్త, చీలమండ లాగుతూ.

నేల తగిలాక కూడా ఆయన కాలు ఇంకో మెట్టు కోసం వెతికింది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని, కొమ్ముకి కాస్త కిందుగా ఉన్న పాత కాపలా గుడిసె దాకా సగం నడిచి సగం పాకి, వసారాలో గోడవారగా పడ్డారు. అప్పుడు లోకం తెల్లబడింది. చప్పుడు చెవులకి కాదు, పళ్లకి తగిలిందట. పిడుగు టవర్ మీద పడిందో, పక్క స్ప్రూస్ చెట్టు మీద పడిందో ఇద్దరూ ఇప్పటికీ తేల్చుకోలేదు. కాలిన ఇనుము వాసన వచ్చిందని అత్త, కాలిన చెట్టు జిగురు వాసనని బాబాయ్. మేము వెళ్లేసరికి వానకి ఏ వాసనా మిగల్లేదు.

మేము స్ట్రెచర్ మోసుకుని, నీళ్లు కారుతూ గుడిసె చేరేసరికి అత్త ఒక కాలు చాపుకుని గోడకి ఆనుకుని ఉంది. బాబాయ్ పక్కన, ఆవిడ కోటు చెయ్యి పట్టుకుని. పళ్లు టకటకలాడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బ్యూలా గారూ, మోకాలు చూడనివ్వండి. స్ట్రెచర్ మీద పడుకోండి" అన్నాడు మెర్ల్.

"నేను నడిచే వచ్చాను, నడిచే పోతాను. పిర్రల మీద దిగేటప్పుడు ఎక్కడో టక్కుమంది, ఇప్పుడు కాస్త వంగుతోంది. ఇంత దూరం మోసుకొచ్చారు, ఉత్తదే తీసుకెళ్తే మీకూ బాగోదు. వాణ్ని పడుకోబెట్టండి."

"నాకేం? నేను బాగానే ఉన్నాను" అని బాబాయ్ లేవబోయాడు. కాళ్లు ఆ మాట ఒప్పుకోలేదు. మెర్ల్ దుప్పటి విప్పాడు. పట్టీలు బిగించాం.

కిందికి దారి నిటారుగా ఉంది, వాననీళ్లు బాట మీద వాగులా పారుతున్నాయి. నేను తలవైపు పట్టుకున్నాను. బాబాయ్ ముఖం నాకు తలకిందులుగా కనిపిస్తోంది. పెద్ద కళ్లు చేసుకుని నా చేతుల వంకే చూస్తున్నాడు.

"పడెయ్యకే."

"పడెయ్యను బాబాయ్."

"నీ చేతులు తడిగా ఉన్నాయి."

"తొడుగులున్నాయి."

"అవీ తడిసే ఉంటాయి." కాస్త వంపు రాగానే, "వంగుతోంది, వంగుతోంది" అన్నాడు.

"కొండ బాబాయ్. వంగకపోతే ఎలా."

అత్త పక్కనే కుంటుతూ నడిచింది. పట్టీల కిందినుంచి బయటికొచ్చిన ఆయన చెయ్యి ఆవిడ కోటు చేతిని వదల్లేదు. మెర్ల్ దారంతా గడ్డి గురించే మాట్లాడాడు. ఎవరూ పేజర్ మాట ఎత్తలేదు.

కట్టెల కొట్టం దగ్గర బాట మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దాటితే గేటు. చెట్ల సందుల్లోంచి కార్ల దీపాలు కనిపించాయి. ఒకటి కాదు, వరసగా. స్కానర్ విన్నవాళ్లంతా దుప్పట్లు, కాఫీ ఫ్లాస్కులు పట్టుకుని వచ్చేశారు. డోరీన్ పిన్ని గొడుగు కూడా గుర్తుపట్టాను. బాబాయ్ కూడా గుర్తుపట్టాడు. నా వైపు చూడడం మానేసి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

మెర్ల్ ఆగాడు. "ఇక్కడ దించుదాం కాసేపు. నా భుజం పీకుతోంది" అన్నాడు. మెర్ల్ దూడల్ని భుజాన వేసుకుని తిరిగే మనిషి. అందరం దించాం. అతను వంగి పట్టీలు ఒక్కొక్కటే విప్పి, స్ట్రెచర్ మడతపెట్టే పని పెట్టుకుని అటు తిరిగాడు. మేమందరం మడతపెట్టడానికి సాయం చేశాం. అంతమంది చేయాల్సిన పనేం కాదు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. అడుగు వెయ్యకుండా కట్టెల కొట్టం గోడ పట్టుకుని ఆగాడు.

"నన్ను పట్టుకోరా, నా మోకాలు" అంది అత్త, మలుపు అవతలికి వినిపించేంత గట్టిగా. ఆయన చంక కింద కుడి చెయ్యి వేసి, కుదురుగా బిగించింది.

ఇద్దరూ మలుపు తిరిగారు. కార్ల వెలుగులో అందరికంటే ముందు నోర్మా పైక్ నిలబడి ఉంది, ఆవిరి లేస్తున్న కప్పు పట్టుకుని. చూపు ముందు బాబాయ్ కళ్ల మీద పడింది. అవి తెరిచే ఉన్నాయి. వెంటనే చూపు మార్చుకుంది.

"ఎలా ఉన్నావు బ్యూలా?"

"తడిశాను. మా తమ్ముడు పైదాకా వచ్చాడు నాకోసం."

"అవునట" అంది నోర్మా. కప్పు చాపింది.

అత్త దాన్ని ఎడమ చేత్తో అందుకుంది. కుడి చెయ్యి ఇంకా ఖాళీ కాలేదు.